యూనిట్ - 9 : చిరు వ్యాపారి ప్రకటన - దండోరా నుంచి సామాజిక మాధ్యమం దాకా

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 ప్రస్తావన
9.2 సంత, చాటింపు, ఖాతా పుస్తకం
9.3 పత్రిక, పోస్టు: అమృతాంజనం ఉదాహరణ
9.4 జిల్లా పేజీ, సినిమా స్లైడు, క్యాలెండరు
9.5 అంతర్జాలం రాక: 1995 - 2015
9.6 చవక డేటా, వాట్సాప్: 2016 తరువాత
9.7 అద్దె అంగడిలో వ్యాపారం
9.8 నమ్మకం, చట్టం
9.9 చరిత్ర నుంచి ఆచరణకు
9.10 సారాంశం
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.12 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- తెలుగు ప్రాంతంలో చిరు వ్యాపారులు ప్రకటన కోసం వాడిన సాధనాలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
- ప్రతి సాధనంలోనూ కొనుగోలుదారుతో సంబంధం ఎవరి చేతిలో ఉందో గుర్తించగలుగుతారు.
- నేటి సామాజిక మాధ్యమాల వల్ల కలిగే మేలును, ముప్పును చారిత్రక దృష్టితో అంచనా వేయగలుగుతారు.

9.1 ప్రస్తావన

మీ ఊళ్లోని మిఠాయి దుకాణం యజమానిని గమనించండి. ఇరవై ఏళ్ల కిందట ఆయన ఉదయం దుకాణం తెరిచి, దేవుడి పటానికి అగరవత్తి వెలిగించి, బోణీ కోసం వీధి వైపు చూసేవారు. ఇప్పుడు అగరవత్తి వెలిగించాక ఫోన్ వైపు చూస్తున్నారు. రాత్రి వచ్చిన మెసేజీల్లో ఆర్డర్లు ఉన్నాయేమో చూసుకుంటున్నారు. ఈ మార్పు ఒక్క రోజులో వచ్చింది కాదు. దీని వెనుక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మీలో చాలామంది పగలు దుకాణంలోనో, కుట్టుమిషను దగ్గరో, మగ్గం దగ్గరో పనిచేసి రాత్రి ఈ పుస్తకం తెరుస్తారు. కాబట్టి ఈ పాఠం మీకు పరీక్షకు మాత్రమే కాక, బతుకుతెరువుకు కూడా సంబంధించినది. ఆన్‌లైన్ మార్కెటింగ్ గురించి చెప్పేవారు సాధారణంగా ఏ బొమ్మ పెట్టాలి, ఏ సమయంలో పెట్టాలి అనే విషయాలతో మొదలుపెడతారు. చరిత్ర విద్యార్థులుగా మనం మూడు ప్రశ్నలతో మొదలుపెడదాం.

1. వ్యాపారి మాట ఎంత దూరం వెళ్తుంది?
2. అందుకు ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎవరికి చేరుతుంది?
3. కొనుగోలుదారు పేరు, చిరునామా చివరికి ఎవరి దగ్గర ఉంటాయి?

మొదటి రెండు ప్రశ్నలను అందరూ అడుగుతారు. మూడోదాన్ని అడిగేవారు తక్కువ. చిరు వ్యాపారి నిలదొక్కుకోవడం, కూలిపోవడం ఎక్కువగా ఆ మూడో ప్రశ్న మీదే ఆధారపడి ఉందని ఈ యూనిట్‌లో చూస్తాం.

9.2 సంత, చాటింపు, ఖాతా పుస్తకం

అచ్చు యంత్రం పల్లెకు చేరకముందు ప్రకటనకు రెండు ప్రధాన మార్గాలు ఉండేవి. మొదటిది వారపు సంత. ఫలానా రోజున ఫలానా ఊళ్లో సంత అని చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి, వ్యాపారి జనాన్ని పిలవనవసరం లేదు. జనం ఉన్నచోటికి తానే సరుకు తీసుకుపోతాడు. అక్కడ గొంతే ప్రకటన. రెండోది దండోరా లేదా చాటింపు. డప్పు మోగించి వీధివీధిలో కబురు వినిపించే ఈ పద్ధతి ప్రధానంగా అధికారుల ఆజ్ఞలు తెలపడానికి వాడినది. అప్పుడప్పుడు వ్యాపార కబుర్లకూ ఉపయోగపడింది. డప్పు మోసి ఊరంతా తిరిగిన దళితులకు ఆ పని కులధర్మం పేరుతో అంటగట్టిన చాకిరీ అన్న సంగతిని కూడా మీరు మరచిపోరాదు. కబురు చేరవేసే శ్రమకు ఎవరు మూల్యం చెల్లించారనేది ప్రకటన చరిత్రలో భాగమే.

వీటికంటే ముఖ్యమైన సాధనం మరొకటి ఉంది. అది కిరాణా వ్యాపారి ఖాతా పుస్తకం. అందులో ఎవరికి ఎంత అరువు ఇచ్చారో మాత్రమే కనిపిస్తుంది కానీ, దాని వెనుక ఎంతో సమాచారం ఉంటుంది. ఏ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన పిల్ల ఉంది, ఎవరి పంట ఎప్పుడు చేతికొస్తుంది, ఎవరు బెల్లం కొంటారు, ఎవరు పంచదార కొంటారు అనేవన్నీ వ్యాపారికి తెలుసు. అరువు వ్యాపారంలో అప్పుల భారం, వడ్డీ దోపిడీ కూడా ఉన్నాయి. దాన్ని మెచ్చుకోవడం మన ఉద్దేశం కాదు. అయితే మన మూడో ప్రశ్నకు ఇక్కడ సమాధానం స్పష్టం: కొనుగోలుదారు వివరాలు పూర్తిగా వ్యాపారి చేతిలోనే ఉన్నాయి. మాట పోయే దూరం మాత్రం ఒక ఊరు, మహా అయితే నాలుగు ఊళ్లు.

9.3 పత్రిక, పోస్టు: అమృతాంజనం ఉదాహరణ

ఈ దూరాన్ని పెంచినవి రెండు: పత్రిక, పోస్టాఫీసు. భారతదేశంలో 1877లో వి.పి.పి. పద్ధతి మొదలైంది. వస్తువును పోస్టులో పంపితే, పోస్టుమన్ దాన్ని కొనుగోలుదారు చేతికిచ్చి డబ్బు వసూలు చేసి అమ్మినవారికి చేరవేస్తాడు. కొనేవారికి ముందుగా డబ్బు పంపాల్సిన భయం లేదు. అమ్మేవారికి డబ్బు రాదేమోనన్న బెంగ తగ్గింది. నేడు మనం 'క్యాష్ ఆన్ డెలివరీ' అంటున్న పద్ధతికి ఇది పూర్వరూపం. ముఖం తెలియని ఇద్దరి మధ్య వ్యాపారం జరగాలంటే నమ్మకానికి పూచీపడే మూడో సంస్థ కావాలి. అప్పట్లో ఆ పని పోస్టాఫీసు చేసింది.

ఈ అవకాశాన్ని అందిపుచ్చుకున్న తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు ముఖ్యులు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన ఆయన, 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. పేరు లేని కొత్త మందును ఎవరు కొంటారు? సంగీత కచేరీలకు వచ్చినవారికి ఆయన మందును ఉచితంగా పంచిపెట్టారని ప్రసిద్ధి. రాసుకుని చూసినవారు మరొకరికి చెబుతారు. నేటి వ్యాపార పాఠాల్లో 'నమూనా పంపిణీ' అని చెప్పేది ఇదే.

ఆ తరువాత ఆయన వేసిన అడుగు మన పాఠానికి మరింత ముఖ్యం. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. అమృతాంజనం లాభాలు పత్రికను పోషించాయి. పత్రిక అమృతాంజనం పేరును తెలుగు ఇళ్లకు చేర్చింది. ఆయన పత్రిక పెట్టింది మందు అమ్ముకోవడానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. జాతీయోద్యమంలో, గ్రంథాలయోద్యమంలో, ఆంధ్రోద్యమంలో ఆయన పాత్ర మీకు తెలిసిందే. అయినా వ్యాపార దృష్టితో చూస్తే ఒక విషయం కనిపిస్తుంది: తన కొనుగోలుదారుల దగ్గరకు వెళ్లే దారి ఆయన సొంతం. ఆ దారిలో రేటు పెంచడానికీ, తలుపు మూయడానికీ మరొకరు లేరు.

మద్రాసులోనే కె.ఎన్. కేసరి మరో ఉదాహరణ. ఆయన కేసరి కుటీరం స్త్రీల ఆరోగ్యానికి 'లోధ్ర' అనే మందు తయారుచేసేది. ఆయనే 1928లో స్త్రీల కోసం 'గృహలక్ష్మి' మాసపత్రికను స్థాపించారు. మందు ఎవరి కోసమో, పత్రిక కూడా వారి కోసమే. ముందు పనికొచ్చే చదువు ఇచ్చి, ఆ తరువాత వస్తువు పేరు చెప్పడం అనే పద్ధతికి ఇంతకంటే మంచి పాత ఉదాహరణ దొరకదు.

ఈ కాలానికి మరో ముఖం కూడా ఉంది. ఏ రోగమైనా నయం చేస్తామనే మందులు, తాయెత్తులు కూడా అవే పత్రికల ద్వారా, అదే పోస్టు ద్వారా అమ్ముడుపోయాయి. ఈ బెడద దేశమంతటా ఎంతగా పెరిగిందంటే, 1954లో పార్లమెంటు మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనలపై ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. ప్రకటన దూరం పెరిగినప్పుడు మోసం దూరం కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

9.4 జిల్లా పేజీ, సినిమా స్లైడు, క్యాలెండరు

సొంత పత్రిక పెట్టగలిగినవారు ఎందరు? మిగతా చిరు వ్యాపారులకు పెద్ద పత్రికలో ప్రకటన చాలాకాలం అందని పండే. కారణం సులభం. రాష్ట్రమంతటా పోయే పత్రికలో ప్రకటన ఇస్తే, మీ దుకాణానికి ఎన్నటికీ రాని లక్షలమంది పాఠకులకు కూడా మీరే డబ్బు చెల్లించాలి. శ్రీకాకుళంలోని బట్టల దుకాణం ప్రకటనను అనంతపురంలో చదివితే ఎవరికి లాభం?

అందుకే చిన్న వ్యాపారి తనకు తగిన సాధనాలు వెతుక్కున్నాడు. సినిమా హాలులో విరామ సమయంలో వేసే గాజు స్లైడు, గోడ మీద రాత, మైకు కట్టిన రిక్షా, పత్రికలో పెట్టి పంచే కరపత్రం, దుకాణం పేరు అచ్చువేసిన గుడ్డ సంచి, కొత్త సంవత్సరానికి ఇచ్చే దేవుడి క్యాలెండరు ఇవన్నీ అలాంటివే. క్యాలెండరు సంగతి ఆలోచించండి. తిథి, నక్షత్రం, రాహుకాలం కోసం ఇంటివారు ఏడాది పొడుగునా దాని వైపు చూస్తారు. చూసిన ప్రతిసారీ కింద దుకాణం పేరు, ఫోన్ నంబరు కనిపిస్తాయి. ఉపయోగపడే వస్తువు మీద ఉన్న పేరును ఎవరూ చించి పారేయరు.

పత్రిక రంగంలో మార్పు ఈనాడుతో వచ్చింది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఆ పత్రిక, 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది. ఒక జిల్లాకే పరిమితమైన ఆ పేజీల్లో తక్కువ ఖర్చుతో ప్రకటన ఇచ్చే వీలు కలగడంతో స్థానిక దుకాణాలు, కోచింగ్ కేంద్రాలు, నర్సింగ్ హోములు కొత్తగా ప్రకటనదారులయ్యాయి. ఎవరు కొంటారో వారికే ప్రకటన చూపడం అనే నేటి సూత్రం తెలుగు నేల మీద మొదట పెద్ద ఎత్తున అమలైంది ఈ జిల్లా పేజీల్లోనే అని చెప్పవచ్చు. అయితే మూడో ప్రశ్నకు సమాధానం మారింది. పాఠకుల చిరునామాలు పత్రిక ఏజెంటు దగ్గర ఉన్నాయి, వ్యాపారి దగ్గర లేవు. దుకాణానికి నడిచి వచ్చినవాడే వ్యాపారికి తెలిసినవాడు.

9.5 అంతర్జాలం రాక: 1995 - 2015

1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు ప్రారంభించింది. మరుసటి ఏడాది, అంటే 1996లో, ఇండియామార్ట్, జస్ట్‌డయల్ మొదలయ్యాయి. మొదటిది తయారీదారుల పట్టికను వెబ్‌సైటులో పెట్టింది; రెండోది ఫోన్ చేసి అడిగితే దుకాణాల వివరాలు చెప్పే సేవ. కొనేవారు అడిగినప్పుడు దొరకడం అనే కొత్త రకం ప్రకటన ఇక్కడ మొదలైంది.

2007లో ఫేస్‌బుక్ వ్యాపారాలకు పేజీలు ఇచ్చింది. పేజీ పెట్టడానికి ఖర్చు లేదు. కానీ మన పట్టణాల్లోని చాలామంది వ్యాపారులకు రెండు అడ్డంకులు ఉండేవి: కంప్యూటరు లేకపోవడం, తెలుగులో టైపు చేయడం రాకపోవడం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే అలవాటు ఈ కాలంలోనే బలపడింది. 2013లో వాట్సాప్‌లో గొంతు సందేశం వచ్చాక అక్షరంతో పేచీ ఉన్నవారికి కూడా దారి తెరుచుకుంది. సంతలో పనిచేసిన గొంతు మళ్లీ వ్యాపార సాధనమైంది.

9.6 చవక డేటా, వాట్సాప్: 2016 తరువాత

2016వ సంవత్సరాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ ప్రారంభమైంది. సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై మొబైల్ డేటా ధరలు పడిపోయాయి. నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. చూడటానికి వేరువేరు సంఘటనలైనా, చిరు వ్యాపారికి సంబంధించి మూడూ ఒకేచోట కలిశాయి: సరుకు బొమ్మ చూపడం చవకైంది, డబ్బు తీసుకోవడం సులువైంది, నగదు లేని లావాదేవీ తప్పనిసరి అవసరమైంది. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. 2019 చివరలో అందులో వస్తువుల క్యాటలాగు చేరింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడినప్పుడు ఎన్నో దుకాణాలకు కొనుగోలుదారులతో మిగిలిన దారి ఫోన్ ఒక్కటే.

దీని ఫలితాన్ని రెండు ఉదాహరణలతో చూద్దాం. కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులకు ప్రసిద్ధి. బియ్యపు పిండి జావతో, వేడి కుండ మీద కాగితమంత పలుచగా తీసే రేకుల పని ఎక్కువగా ఇళ్లలో స్త్రీల చేతుల మీదుగా నడుస్తుంది. ఒకప్పుడు దారిన పోయేవారు ఆగి కొనుక్కుంటేనో, చుట్టాలు పట్టుకెళ్తేనో ఆ రుచి ఊరు దాటేది. ఇప్పుడు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న కుటుంబం ఫోన్‌లో ఆర్డరు ఇచ్చి కొరియర్‌లో తెప్పించుకోగలుగుతోంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది.

రెండో ఉదాహరణ పోచంపల్లి. ఇక్కడి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేనేతలో తరచు షావుకారు నూలు ఇస్తాడు, నేతగాడు కూలి తీసుకుని నేస్తాడు. చీర ఎవరు కట్టుకున్నారో నేసినవారికి తెలియదు. ఫోన్ ఈ తెర తొలగించే వీలు కల్పించింది. మగ్గం మీద ఉన్న చీరను నేరుగా చూపి అమ్మగలుగుతున్న కుటుంబాలు ఉన్నాయి. కానీ ఫోన్ తెర మీద ఒక చిక్కు వచ్చింది. ఇక్కత్‌లో నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగులద్దుతారు. పవర్‌లూమ్ బట్ట మీద అదే డిజైను అచ్చువేస్తే ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ధరలో మాత్రం ఎంతో తేడా. ఫొటో చూసి చవకైనదే కొనేవారి ముందు అసలు నేత ఓడిపోతుంది. అందుకే తెలిసిన అమ్మకందారులు చీరను తిరగేసి చూపిస్తారు, ఎందుకంటే అసలైన ఇక్కత్‌లో డిజైను రెండు వైపులా స్పష్టంగా ఉంటుంది. మగ్గం మీద నేస్తున్న వీడియో, 2006లో వచ్చిన చేనేత గుర్తు కూడా ఇందుకు తోడ్పడతాయి. ఇక్కడ ప్రకటన చేయాల్సిన పని అందంగా కనిపించడం కాదు, రుజువు చూపడం.

9.7 అద్దె అంగడిలో వ్యాపారం

ఇప్పుడు మన మూడో ప్రశ్నకు వద్దాం. సామాజిక మాధ్యమంలో మీ పేజీని పదివేలమంది అనుసరిస్తున్నారనుకోండి. వారి పేర్ల పట్టిక ఎవరి దగ్గర ఉంది? మీ దగ్గర కాదు. ఆ పేజీ మీకు ఇచ్చిన అద్దె అంగడి మాత్రమే. ఇటీవలి మూడు సంఘటనలు దీన్ని స్పష్టంగా చూపాయి.

మొదటిది, 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌లో స్నేహితులు, బంధువుల పోస్టులకు ప్రాధాన్యం పెంచి వ్యాపార పేజీల పోస్టులను తగ్గిస్తామని ప్రకటించింది. ఉచితంగా కనబడిన పేజీలకు ఆ తరువాత డబ్బు కట్టనిదే చూపు దొరకడం కష్టమైంది. రెండోది, 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. దేశ భద్రత దృష్ట్యా తీసుకున్న ఆ నిర్ణయం మంచిచెడులు వేరే చర్చ. కానీ అక్కడ వేలమందిని సంపాదించుకున్న పల్లెటూరి వంటవారు, దర్జీలు, బ్యూటీ పార్లర్లవారు ఒక్క రాత్రిలో వారందరినీ పోగొట్టుకున్నారు. ఫోన్ నంబర్లు రాసిపెట్టుకున్నవారికి మాత్రం కొంత మిగిలింది. మూడోది, 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. మూడూ ఒకే సంస్థవి. మూడు చోట్ల అంగడి పెట్టాననుకున్న వ్యాపారి నిజానికి ఒకే యజమాని ఇంట్లో మూడు గదులు అద్దెకు తీసుకున్నాడు.

అంటే అద్దె అంగడి వద్దనా? కాదు. సంతలో చోటు కూడా సొంతం కాదు. అయినా మన పెద్దలు సంతకు వెళ్లారు. అయితే సంతలో పరిచయమైనవారి పేరు ఇంటికి తెచ్చుకుని ఖాతా పుస్తకంలో రాసుకున్నారు. నేటి వ్యాపారులు చాలామంది సంతకు వెళ్తున్నారు కానీ ఖాతా పుస్తకం రాయడం మానేశారు.

9.8 నమ్మకం, చట్టం

1954 నాటి చట్టం ఎందుకు వచ్చిందో చూశాం. ఆన్‌లైన్ వ్యాపారంలోనూ అదే చరిత్ర పునరావృతమైంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. మొత్తం ధర, అమ్మేవారి వివరాలు, వస్తువు తిరిగి తీసుకునే పద్ధతి ముందే చెప్పాలన్నది వాటి సారం. 1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, డబ్బు తీసుకుని చేసే ప్రచారాన్ని ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని ఇన్‌ఫ్లూయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షలకు ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మన ఖాతా పుస్తకం కూడా ఇప్పుడు ఒక బాధ్యత అని, కొనుగోలుదారు అనుమతితోనే నంబరు ఉంచుకోవాలని ఈ చట్టం గుర్తుచేస్తుంది.

9.9 చరిత్ర నుంచి ఆచరణకు

ఈ చరిత్ర నుంచి చిరు వ్యాపారి ఏం నేర్చుకోవచ్చు?

(అ) ఖాతా పుస్తకం రాయాలి. ఎక్కడి నుంచి వచ్చిన ఆర్డరైనా, కొన్నవారి పేరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అనేవి వారి అనుమతితో సొంత నోటుపుస్తకంలోనో, కంప్యూటరులోనో ఉంచుకోవాలి.

(ఆ) గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ మేలు. వాట్సాప్ గ్రూపులో సభ్యుల నంబర్లు మిగతావారికి కనిపిస్తాయి. పోటీదారు వాటిని తీసుకుపోవచ్చు. బ్రాడ్‌కాస్ట్‌లో సందేశం ఎవరికి వారికి చేరుతుంది. మీ నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే అది అందుతుంది కాబట్టి, ముందు వారి నమ్మకం సంపాదించాలి.

(ఇ) క్యాలెండరు సూత్రం పాటించాలి. రోజూ 'కొనండి' అంటే జనం విసుగెత్తి నంబరు తొలగిస్తారు. పట్టుచీర మడతలు ఎన్నాళ్లకు మార్చాలి, ఆవకాయ జాడీని తడి తగలకుండా ఎలా ఉంచాలి వంటి పనికొచ్చే మాట చెబితే నిలబెట్టుకుంటారు.

(ఈ) దొరికేలా ఉండాలి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు, వేళలు, నంబరు సరిగా నమోదు చేయడానికి ఖర్చు లేదు. వెతుక్కుంటూ వచ్చేవారు కొనే ఉద్దేశంతోనే వస్తారు.

(ఉ) ధర దాచరాదు. 'ధర కోసం మెసేజ్ చేయండి' అనే అలవాటు మనిషిని బట్టి ధర మారుతుందనే అనుమానం కలిగిస్తుంది. ఒకప్పుడు 'ఒకే ధర' బోర్డు పెట్టిన దుకాణాలు జనం నమ్మకాన్ని ఎందుకు పొందాయో మీ పెద్దలను అడిగి తెలుసుకోండి.

9.10 సారాంశం

సంత నుంచి సామాజిక మాధ్యమం దాకా చిరు వ్యాపారి మాట వెళ్లే దూరం పెరుగుతూ వచ్చింది. ఒక్కో మనిషికి మాట చేర్చే ఖర్చు తగ్గుతూ వచ్చింది. అయితే కొనుగోలుదారు వివరాలు క్రమంగా వ్యాపారి చేతి నుంచి పత్రికకు, అక్కడి నుంచి పెద్ద సాంకేతిక సంస్థలకు మారాయి. నాగేశ్వరరావు, కేసరి వంటివారు దారిని సొంతం చేసుకుని నిలబడ్డారు. అందరూ పత్రికలు పెట్టలేరు. కానీ ప్రతి వ్యాపారీ ఒక ఖాతా పుస్తకం పెట్టుకోగలడు. సామాజిక మాధ్యమం కొత్తవారిని పరిచయం చేసే సంత. ఆ పరిచయాన్ని నిలుపుకునే పని వ్యాపారిదే.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కాశీనాథుని నాగేశ్వరరావు, కె.ఎన్. కేసరి అనుసరించిన ప్రకటన పద్ధతులను నేటి సామాజిక మాధ్యమ పద్ధతులతో పోల్చి వివరించండి.
2. 'సామాజిక మాధ్యమం అద్దె అంగడి వంటిది.' 2018 - 2021 మధ్య సంఘటనల ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జిల్లా అనుబంధాల వల్ల స్థానిక వ్యాపారులకు కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. పోచంపల్లి చీరల ఆన్‌లైన్ అమ్మకంలో రుజువు ఎందుకు అవసరం?

III. అభ్యాసం: మీ ఊళ్లో ముప్ఫై ఏళ్లకు పైగా నడుస్తున్న ఒక దుకాణం యజమానిని కలుసుకోండి. ఆయన లేదా ఆమె వాడిన ప్రకటన సాధనాలను కాలక్రమంలో రాసి, ఒక్కొక్కదానికి 9.1లోని మూడు ప్రశ్నలు వేసి సమాధానాలు నమోదు చేయండి.

9.12 పదకోశం

చాటింపు : డప్పు మోగించి వీధుల్లో కబురు తెలపడం.
వి.పి.పి. : వస్తువు అందజేసేటప్పుడు పోస్టాఫీసు ధర వసూలు చేసి అమ్మినవారికి పంపే పద్ధతి.
భౌగోళిక గుర్తింపు : ఒక ప్రాంతానికి ప్రత్యేకమైన వస్తువు పేరుకు చట్టం ఇచ్చే రక్షణ.
బ్రాడ్‌కాస్ట్ : ఒకే సందేశాన్ని అనేకమందికి విడివిడిగా పంపే వాట్సాప్ సదుపాయం.